పుట్టింటి గట్టు, కాగితంలో ఇంటిపేరు

మా కోయల్లో ప్రతి ఇంటిపేరు వెనుక ఒక గట్టు ఉంటుంది. మూడో గట్టు నుంచి ఏడో గట్టు వరకు ఒక్కోదానిలో కొన్ని ఇంటిపేర్లు. ఒకే గట్టువాళ్లు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. వాళ్ల మధ్య పెళ్లి కుదరదు.

మొగుడూ పెళ్లాలు విడిపోవడం మాకు కొత్త కాదు. ఊరి పెద్దలు కూర్చుని ఓలి లెక్క తేల్చేవారు. ఆమె మళ్లీ మనువాడవచ్చు. అప్పుడూ చూడవలసింది ఆమె పుట్టిన గట్టునే. ఇంటిపేరు మార్చుకోవాలా అన్న ప్రశ్నే లేదు. రాసుకునే కాగితమే లేదు మరి.

రేషన్ కార్డు, ఆధార్ వచ్చాక ఆ ప్రశ్న వచ్చింది. కార్డులో భర్త ఇంటిపేరు, బడి సర్టిఫికెట్‌లో తండ్రి ఇంటిపేరు. మార్చమని వెళితే కోర్టు విడాకుల కాగితం అడుగుతారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం మాత్రం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని 2(2) సెక్షన్‌లోనే ఉంది. మన విడాకులు ఆచారం ప్రకారం జరుగుతాయి. పెద్దల మాటకు కాగితం ఉండదు.

పెళ్లయితే భర్త ఇంటిపేరు పెట్టుకోవాలని ఏ చట్టమూ చెప్పలేదు. ఎస్టీ హోదా కూడా పుట్టుకతో వచ్చేదే. కాబట్టి బడిలోనే మన ఆడపిల్లలకు చెబుదాం: పుట్టింటి ఇంటిపేరే కాగితాల్లో ఉంచుకోండి. విడిపోవలసి వస్తే, మళ్లీ మనువుకు ముందే పెద్దల తీర్పు రాయించి సంతకాలు పెట్టించుకోండి.