హెరాల్డ్ దీవి: కనుగొన్నది ఎవరు?

మన సిటీవెస్ట్ పక్కగా పోయే నాస్ రోడ్డు పట్టుకుని నైరుతి దిక్కుగా ప్రయాణిస్తే టిప్పరరీ కౌంటీ వస్తుంది. అక్కడ ఫెథర్డ్ సమీపాన క్లోనకోడీలో 1806లో జన్మించిన నావికుడు హెన్రీ కెల్లెట్. ఉత్తర ధ్రువ సముద్రంలోని ఒక నిర్జన ద్వీపానికి పేరు పెట్టినవాడు ఈయనే.

ఆ ద్వీపం హెరాల్డ్. సైబీరియాకు ఉత్తరాన చుక్చీ సముద్రంలో, 71వ అక్షాంశం దాటాక ఉంటుంది. వైశాల్యం సుమారు 11 చదరపు కిలోమీటర్లే. చుట్టూ నిట్టనిలువు కొండచరియలు. సముద్రపక్షులకూ ధ్రువపు ఎలుగుబంట్లకూ తప్ప అక్కడ ఎవరికీ కాపురం లేదు. పడమటన 60 కిలోమీటర్లకు పైగా దూరంలో రాంగెల్ అనే పెద్ద దీవి ఉంది.

కెల్లెట్ బయలుదేరింది దీవుల కోసం కాదు, మనుషుల కోసం. 1845లో ఫ్రాంక్లిన్ నాయకత్వాన వెళ్ళిన రెండు ఓడలు, 129 మంది జాడ లేకుండా పోయారు. వారిలో 'టెర్రర్' ఓడ కెప్టెన్ క్రోజియర్ కూడా ఐర్లండు వాడే, బాన్‌బ్రిడ్జ్ బిడ్డ. వారిని వెతుకుతూ 1849 ఆగస్టులో కెల్లెట్ ఈ దీవిపై దిగి, విక్టోరియా రాణి పేర జెండా ఎగరేసి, తన ఓడ పేరే పెట్టాడు. పడమటన ఇంకో ఎత్తయిన నేల కనిపించిందని కూడా రాశాడు.

ఆ ఉత్తరపు నేల సంగతి తీరవాసులైన చుక్చీ ప్రజలకు అంతకుముందే తెలుసు. ఆకాశం తేటగా ఉన్న వేసవి రోజుల్లో కొండలు కనబడతాయని 1820లలో రష్యన్ నావికుడు రాంగెల్‌కు చెప్పినవారు వాళ్ళే. ఆయన వెతికాడు, దొరకలేదు. 1867లో అమెరికన్ తిమింగిల వేటగాడు థామస్ లాంగ్ దానికి రాంగెల్ పేరే పెట్టాడు. చూడనివాడి పేరు పటంలో నిలిచింది. చూసి చెప్పినవారి పేర్లు నిలవలేదు.

పటంలోకి ఎక్కినంత మాత్రాన దీవి మనిషికి లొంగలేదు. 1914 జనవరిలో కెనడా యాత్రకు చెందిన 'కార్లక్' ఓడ మంచులో నలిగి మునిగింది. రాంగెల్ దీవి చేరాలని ముందుగా బయలుదేరిన నలుగురు హెరాల్డ్‌కు చేరారు. పదేళ్ళ తరువాత, 1924లో, వారి అస్థికలే దొరికాయి.

నేడు అది రష్యా అధీనంలోని రక్షిత ప్రాంతం. 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పిల్లలు అట్లాసు తెరిచి ఈ దీవిని ఎవరు కనుగొన్నారని అడిగితే కెల్లెట్ పేరు చెప్పండి. చుక్చీల మాట, ఆ నలుగురి మాట కూడా చెప్పండి.