ఇస్త్రీబల్ల దిద్దిన ఇల్లాలు

జాకెట్టు చేతులు ఇస్త్రీ చేస్తుంటే మడత పడి మీకెప్పుడైనా విసుగొచ్చిందా? అమెరికాలో న్యూ హేవెన్ ఊళ్ళో బట్టలు కుట్టే సారా బూన్ ఆ చిక్కు మీదే దృష్టి పెట్టింది.

ఆవిడ 1832లో నార్త్ కరొలైనాలో బానిసగా పుట్టింది. బానిసలకు చదువు చెప్పడం అక్కడ నేరం. నలభై దాటాకే చదవడం, రాయడం నేర్చుకుంది.

ఆ రోజుల్లో చాలామంది రెండు కుర్చీల మీద పలక వేసి ఇస్త్రీ చేసేవారు. వెడల్పాటి పలక గౌను చేతుల్లోకి దూరదు కదా! సారా బల్ల సన్నగా, చేతి కుట్టుకు తగిన వంపుతో, పైన మెత్తటి గుడ్డతో ఉంటుంది. తిరగేసి వాడుకోవచ్చు, పనయ్యాక మడిచి పెట్టుకోవచ్చు. 1892 ఏప్రిల్ 26న 4,73,653 నంబరు పేటెంటు ఆవిడ పేర వచ్చింది.

ఇంటిపనిలో మీకు తోచిన ఉపాయాన్ని చిన్నదని తోసెయ్యకండి. కాగితం మీద పెట్టండి. నడివయసులో అక్షరం నేర్చిన ఆవిడ చేసింది అదే కదా!