పిండిసంచీ, పాతచీర: రెండు నేలల పొదుపు చరిత్ర

మనం నివసిస్తున్న యీ బెంటన్‌విల్‌కు చౌక ధరల పుట్టినిల్లుగా ప్రపంచమంతటా పేరుంది. అయితే చౌకగా కొనడం ఒక రకం పొదుపు. అసలు కొనకుండా, ఇంట్లో ఉన్నదానితో సరిపెట్టుకోవడం మరొక రకం. ఈ రెండవది ఆర్కన్సా పల్లెలకూ, మన తెలుగు పల్లెలకూ ఏనాటినుంచో తెలిసిన విద్య. పండుగ వేళ దాని చరిత్రను కొంచెం నెమరువేసుకుందాం.

1929లో న్యూయార్క్ షేర్ల బజారు కూలింది. మరుసటి ఏడాదే ఆర్కన్సాను ఘోరమైన అనావృష్టి పట్టుకుంది. రైతు చేతిలో డబ్బు లేదు. ఆ రోజుల్లో పిండీ, పంచదారా, కోళ్ళ దాణా గుడ్డసంచులలో వచ్చేవి. నూరు పౌన్ల సంచీ కుట్లు విప్పితే గజం పైచిలుకు నూలుగుడ్డ దక్కేది. సుమారు మూడు సంచులతో ఒక గౌను తయారయ్యేది. మిగిలిన ముక్కలు తువ్వాళ్ళయ్యేవి, బొంతలయ్యేవి. ఇది గమనించిన వ్యాపారులు సంచుల మీద పువ్వులూ, గళ్ళూ అచ్చువేయించారు. కంపెనీ పేరును ఉతికితే పోయే సిరాతో ముద్రించారు. దాణాకు వెళ్ళే భర్తకు ఇల్లాలు అదే పువ్వుల సంచీ తెమ్మని చెప్పి పంపేదట! యుద్ధకాలంలో, 1942లో పంచదారకూ, 1943లో బూట్లకూ రేషను వచ్చినప్పుడు యీ అలవాటే ఇళ్ళను కాపాడింది. తరువాత కాగితపు సంచులు రావడంతో ఆ ముచ్చట ముగిసింది.

మన వైపు చూడండి. పాతచీరలు నాలుగు మడతలు పరచి, దూరపు కుట్లు వేసి కుట్టిన బొంత మీదనే మనలో చాలమంది పెరిగారు. చీర ముందు కట్టుబట్ట, పిదప చంటిబిడ్డ ఉయ్యాల, ఆపైన బొంత, చివరికి మసిగుడ్డ. చొక్కా చిరిగితే మాసిక వేసేవారు. ఇత్తడి గిన్నెకు కళాయి పోతే మళ్ళీ పూయించేవారేగాని కొత్తది కొనేవారు కారు. 1943లో నూలుబట్టపై కంట్రోలు వచ్చిన తరువాత గుడ్డపేలిక కూడా విలువైన వస్తువే అయింది.

ఇక యీ ఊరి కథ. సుమారు 3,000 జనాభా గల బెంటన్‌విల్ కూడలిలో 1950లో శామ్ వాల్టన్ తన దుకాణం తెరిచారు. 1962లో పొరుగున రోజర్స్‌లో మొదటి వాల్‌మార్ట్ వెలిసింది. 1985లో ఫోర్బ్స్ పత్రిక ఆయనను అమెరికాలోకెల్లా ధనవంతుడని ప్రకటించింది. అయినా ఆయన తిరిగింది 1979 నాటి ఫోర్డ్ పికప్‌లోనే. 1992లో మరణించేవరకు దానిని మార్చలేదు. లోకం చేత కొనిపించిన మనిషి, తనకు పనికివస్తున్నదాన్ని మాత్రం వదలలేదు!

నాటి పల్లెవారి పొదుపు గతిలేక చేసినది. దానిని చూసి మురిసిపోనక్కరలేదు. మనకు ఆ అవసరం లేదు, అందువల్లనే మరచిపోయాం. ఇటీవల మేము గరాజు సర్దితే మూడు ప్రెషర్ కుక్కర్లు బయటపడ్డాయి. రెంటికీ కావలసింది రబ్బరు గాస్కెట్టు మాత్రమే! ఫ్రీజరులో ఏముందో చూడకుండా కూరగాయలకు బయలుదేరడం, అటకమీద ఉన్నదే మళ్ళీ కొనడం మనందరికీ అలవాటే.

అయితే మనలో చాలమంది హెచ్-1బి వీసా మీద ఉన్నవారు. ఉద్యోగం పోతే, 2017 నుండి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, మరొక దారి చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజులే గడువు. ఆ రెండు నెలలలో ఇంటి అద్దె కట్టేది బ్యాంకులో మిగిలిన డబ్బే గాని, గరాజులోని మూడవ కుక్కరు కాదు. నెలకొక వారం, పాలూ కూరగాయలూ తప్ప, ఇంట్లో ఉన్న సరుకులతోనే గడిపి చూద్దాం. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మన పెద్దలు ఊరకే అనలేదు.