అప్రియమైన పరిశోధన

1900వ సంవత్సరం నవంబరులో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుండి ఎడ్వర్డ్ రాస్ అనే ఆచార్యుడు వెళ్ళిపోవలసి వచ్చింది. ఆ విద్యాలయ స్థాపకుని ఐశ్వర్యం రైలుమార్గాల వల్ల సమకూడినది. ఆ మార్గాలు వేసినవారు వేలకొలది చీనా కూలీలు. అట్టి చోట రాస్, ఆసియావాసుల వలసను అరికట్టవలెనని ఉపన్యసించాడు. స్థాపకుని సతీమణి జేన్ స్టాన్‌ఫర్డ్ ఆగ్రహించి, ఆయనను తొలగించవలసిందేనన్నది. రాస్ మాటలలో జాతిద్వేషం లేకపోలేదు. మనబోటివారికి అవి వినసొంపైనవీ కావు. అయినా, విద్యాలయాన్ని పోషించేవారికి నచ్చలేదని ఆచార్యుని వెళ్ళగొట్టడం తగదంటూ కొందరు సహోపాధ్యాయులు రాజీనామా చేశారు. వారిలో ఆర్థర్ లవ్‌జాయ్ అనే తత్త్వవేత్త ఒకడు.

ఈ లవ్‌జాయే 1915లో జాన్ డ్యూయీ ప్రభృతులతో కలసి అమెరికా విశ్వవిద్యాలయాచార్యుల సంఘాన్ని నెలకొల్పాడు. నియమించిన ప్రభుత్వం న్యాయమూర్తి తీర్పును శాసింపజాలదు గదా, అట్లే ఆచార్యుని నియమించినవారు ఆయన నిర్ణయాలను శాసింపరాదని ఆ సంఘం ఆ యేడే ప్రకటించింది.

శతాబ్దం గడచిన తరువాత అదే రాష్ట్రంలో ఈ సూత్రానికి మరొక పరీక్ష ఎదురైంది. ఈమారు ఎదుట నిలిచినది ధనవంతురాలు కాదు, ప్రజారోగ్యం కోసం చేసిన ప్రభుత్వ నిబంధన.

జేమ్స్ ఎన్‌స్ట్రమ్ 1976 నుండి లాస్ ఏంజిలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు. గాలిలోని సూక్ష్మధూళికీ మరణాలకూ గల సంబంధాన్ని సుమారు 36,000 మంది వృద్ధుల విషయంలో పరిశీలించి, 2005లో ఫలితాలు ప్రకటించాడు. తొలి పదేండ్లలో స్వల్ప సంబంధం కనిపించిందనీ, 1983 నుండి 2002 వరకు అదీ లేదనీ ఆయన తేల్చాడు. 2008 డిసెంబరులో రాష్ట్ర వాయు వనరుల బోర్డు డీజిల్ లారీలపై, బస్సులపై కఠిన నిబంధన విధించింది. దానికి ఆధారమైన నివేదికను ఆయన బహిరంగంగా ప్రశ్నించాడు. నివేదిక ప్రధాన రచయిత చెప్పుకొన్న డాక్టరు పట్టం బూటకమని కూడా బయటపడింది. 2010లో విశ్వవిద్యాలయం, ఎన్‌స్ట్రమ్ పరిశోధన తమ శాఖ లక్ష్యాలతో పొసగదంటూ ఆయన నియామకాన్ని పొడిగించ నిరాకరించింది. దశాబ్దాలుగా పొసగినది అప్పుడే ఎందుకు పొసగలేదో ఆ మాటలవల్ల తెలియదు.

ఎన్‌స్ట్రమ్ చెప్పినది నిజమనుకోనక్కరలేదు. అధికసంఖ్యాకులైన శాస్త్రజ్ఞులు ఆయనతో ఏకీభవించరు. పొగాకు పొగను గురించి 2003లో ఆయన ప్రచురించిన వ్యాసానికి పొగాకు కంపెనీల ధనం కొంత తోడ్పడిందన్న విమర్శా ఉన్నది. సూక్ష్మధూళి ప్రాణాంతకమని 1993లో హార్వర్డ్ శాస్త్రజ్ఞులు ఆరు నగరాలను పరిశీలించి చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆ ధూళి వార్షిక పరిమితిని ఘనమీటరుకు 10 మైక్రోగ్రాముల నుండి 5కు తగ్గించింది.

అయితే హార్వర్డ్‌వారి మాట నిలిచిన తీరు గమనింపదగినది. దానిని పరిశ్రమలు శంకించినపుడు ఆ శాస్త్రజ్ఞులను ఎవరూ సాగనంపలేదు. ప్రభుత్వమూ మోటారు పరిశ్రమా కలసి ధనమిచ్చే ఒక సంస్థకు మూలపత్రాలు అందజేయగా, పరులు లెక్కలన్నీ తిరిగి కట్టారు. 2000లో ఫలితం మునుపటివలెనే తేలింది.

ఎన్‌స్ట్రమ్ 2012లో న్యాయస్థానానికి వెళ్ళాడు. 2015లో రాజీ కుదిరింది. విశ్వవిద్యాలయం 1,40,000 డాలర్లు చెల్లించి, విశ్రాంత పరిశోధకుడు అన్న హోదాను ఆయనకు ఇచ్చింది.