దానాలతో లేచిన ఊరు: అమరావతి పుట్టుపూర్వోత్తరాలు

అమరావతిలో ఇవాళ మనం నడిచే వీధుల వయసు రెండు వందల ముప్పై ఏళ్లకు అటూ ఇటూ. చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1790ల్లో మకాం ఇక్కడికి మార్చి, కోట కట్టుకుని, పేటలు వేయించి, బయటి ఊళ్ల వర్తకులను పిలిపించి నిలబెట్టిన ఊరిది. దీన్ని ఆనుకుని పడమటగా ఉన్న ధరణికోట మాత్రం క్రీస్తుకు ముందునాటిది. ధాన్యకటకమని శాసనాల్లో కనిపించే మహానగరం అదే. శాతవాహనుల ఏలుబడిలో ఓ వెలుగు వెలిగింది. పక్కపక్కనే ఉన్న ఈ రెండు ఊళ్లనూ కలిపి చూస్తేనే అమరావతి అర్థమవుతుంది.

ఈ ఊరు చూడాలనుకునేవాళ్లను నేనైతే శివరాత్రికి రమ్మంటాను. గుంటూరు నుంచి లాం, తాడికొండ అడ్డరోడ్డు మీదుగా వస్తుంటే నల్లరేగడి చేలల్లో పత్తి తీతలు ఆఖరికొచ్చి ఉంటాయి. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు బస్సు కిటికీలోంచే తగులుతుంది. చేతిలో నాలుగు డబ్బులాడే రోజులు కాబట్టి రైతులు ట్రాక్టర్ల మీద ఇల్లిల్లంతా కదిలొస్తారు. తెల్లవారుజామునే కృష్ణలో మునక, తడిబట్టలతోనే గుడి మెట్లు, దర్శనమయ్యాక తిరునాళ్ల. జీళ్ల అంగళ్లు, గాజుల దుకాణాలు, రంగులరాట్నాలు, తప్పిపోయిన పిల్లల పేర్లు చదివే మైకు. రాత్రి జాగారం. మర్నాడు రథం కదులుతుంది. ఆ రథం పగ్గం పట్టుకోవడానికి పడే తోపులాట చూస్తే, ఈ మైదానపు జనానికి అమరలింగేశ్వరుడు ఎంత దగ్గరివాడో తెలుస్తుంది.

తారకాసురుడి మెడలోని ఆత్మలింగం కుమారస్వామి దెబ్బకు అయిదు ముక్కలై అయిదు చోట్ల పడిందని, ఇక్కడి ముక్కను ఇంద్రుడు ప్రతిష్ఠించాడని పంచారామాల కథ. మిగతా నాలుగూ ద్రాక్షారామం, సామర్లకోట, భీమవరం గునుపూడి, పాలకొల్లు. అన్నీ గోదావరి సీమవే. కృష్ణ ఒడ్డున ఉన్నది ఇదొక్కటే. కార్తీకమాసంలో ఒక్క రోజులో ఈ అయిదూ చుట్టించే ఆర్టీసీ బస్సులు బయలుదేరేది ఈ కథ వల్లే.

ఇక్కడి లింగం పదిహేను అడుగుల తెల్లరాతి స్తంభం. కింద నిలబడి చూస్తే మనకు కనిపించేది కొంత భాగమే. అర్చకులు పై అంతస్తుకు ఎక్కి, అక్కడి నుంచి అభిషేకం చేస్తారు. పాలు, నీళ్లు ఆ తెల్లరాతి మీద ధారలు కట్టి కిందికి దిగుతుంటే భక్తులు తలలు పైకెత్తి చూస్తుంటారు. లింగం నానాటికీ పెరిగిపోతుంటే ఆపడానికి నెత్తిన శీల కొట్టారని, అప్పుడు కారిన నెత్తుటి చారే ఇప్పటికీ రాతి మీద కనిపించే ఎర్రజీర అని చెబుతారు. చిన్నపిల్లలు ఆ జీర కోసమే వెతుకుతారు. అమ్మవారు బాలచాముండిక.

గుడి ఆవరణలో శాసనాలను దాటుకుని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. అక్కడ ఆగమని చెప్పడానికే ఈ వ్యాసం. 1515లో కొండవీడు గెలిచాక శ్రీకృష్ణదేవరాయలు అమరేశ్వరుడి దర్శనానికి వచ్చి, తన ఎత్తు బంగారం తూచి తులాపురుష మహాదానం చేశాడు. వెంట వచ్చిన రాణులు చిన్నాదేవి, తిరుమలదేవి కూడా మహాదానాలు చేశారు. రాయల దానం గురించి గైడ్లంతా చెబుతారు. అంతకు మూడు వందల ఏళ్ల ముందరి దానం సంగతి అడిగితే తప్ప చెప్పరు. 1182లో కోట వంశపు రాజు కేతరాజు వేయించిన శాసనం ఇదే గుడిలో ఉంది. అమరేశ్వరుడినీ, ఎత్తయిన బుద్ధుడి చైత్యాన్నీ ఒకేచోట కీర్తించే శాసనం అది. శివుణ్ణి కొలిచే ఆ రాజు బుద్ధదేవుడికి ఊళ్లు రాసిచ్చాడు, అఖండ దీపాలకు ఏర్పాటు చేశాడు. బౌద్ధం ఈ నేల మీద నుంచి ఎప్పుడో తుడిచిపెట్టుకుపోయిందని బళ్లో చదువుకున్నవాళ్లు ఈ ఒక్క రాయి ముందు నిలబడితే చాలు. ఆ తర్వాతా దీపం ఆరలేదు. 1344లో సింహళంలోని గడలాదెణియ శాసనం, ధర్మకీర్తి అనే స్థవిరుడు ధాన్యకటకంలో రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని బాగుచేయించాడని చెబుతోంది. అంటే పద్నాలుగో శతాబ్దంలోనూ సముద్రం దాటి ఇక్కడికి యాత్రికులు వస్తూనే ఉన్నారు.

గుడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో మహాచైత్యం ఉంది. ఊరివాళ్లు దీపాలదిన్నె అనేవాళ్లు. ఇప్పుడక్కడ పచ్చగడ్డి మధ్య గుండ్రటి ఇటుక దిమ్మె, కొన్ని రాతిపలకలు, మొండి స్తంభాలు తప్ప ఏమీ లేవు. ఒకప్పుడు దాదాపు యాభై మీటర్ల వ్యాసంతో, చుట్టూ చెక్కిన రాతి కంచెతో, నాలుగు దిక్కులా అయిదేసి ఆయక స్తంభాలతో నిలిచిన స్తూపం అది. అశోకుడి కాలానికి దగ్గరగా మొదలై, క్రీస్తుశకం రెండో శతాబ్దానికి పూర్తి వైభవానికి వచ్చింది. పల్నాటి సున్నపురాతిని అంత మెత్తగా, అంత లోతుగా చెక్కిన చేతులు ఆ కాలంలో మరెక్కడా లేవని నా నమ్మకం.

నాకు అన్నిటికంటే పెద్ద విషయం, ఆ రాళ్లను ఇచ్చిందెవరన్నది. పలకల మీద దాతల పేర్లున్నాయి. రాజుల పేర్లు తక్కువ. భిక్షుణులు, గృహిణులు, వర్తకులు, సుగంధద్రవ్యాల వ్యాపారి, చలిపందిళ్ల అధికారి, వీళ్లూ దాతలు. ఒక పలక మీద నిండుకుండలోంచి తామరలు పైకి లేస్తుంటాయి. పూర్ణఘటం. దాన్నిచ్చింది విధికుడనే చర్మకారుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు అందరితో కలిసి ఇచ్చానని చెక్కించుకున్నాడు. ఇంటిల్లిపాదీ పుణ్యంలో పాలు పంచుకోవాలన్న ఆరాటం ఆ ఒక్క వాక్యంలో ఉంది. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమరావతి శిల్పం నుంచి రాష్ట్ర చిహ్నం రూపొందించుకున్నప్పుడు నడిమధ్యన పెట్టుకున్నది పూర్ణఘటాన్నే. సర్కారు కాగితం మీద ఆ కుండ కనిపించినప్పుడల్లా నాకు ఆ చెప్పులు కుట్టే ఇల్లు గుర్తొస్తుంది.

ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు యువాన్ చ్వాంగ్ వచ్చేనాటికే ఇక్కడి ఆరామాల్లో చాలా మటుకు పాడుబడ్డాయి. ఇరవై దాకా మాత్రం నడుస్తున్నాయని రాశాడు. అయితే స్తూపానికి అసలు దెబ్బ తగిలింది మనకు బాగా దగ్గరి కాలంలోనే. వెంకటాద్రి నాయుడి మనుషులు కొత్త ఊరి కట్టడాలకు రాళ్ల కోసం దిన్నెను తవ్వారు. 1797లో ఆ వింత రాళ్ల మాట చెవినబడి కంపెనీ సర్వేయరు కొలిన్ మెకంజీ వచ్చి చూశాడు. తీరిక చేసుకుని 1816లో మళ్లీ వచ్చేసరికి దిన్నె నడుమ చెరువు తవ్వేసి ఉంది. బొమ్మలున్న పలకలు మెట్లకూ గోడలకూ పోయాయి. మెకంజీ చిత్రకారులు గీసుకున్న బొమ్మలే లేకపోతే చాలా శిల్పాల ఆనవాలు కూడా మనకు మిగిలేది కాదు.

జమీందారును తిట్టి ఊరుకుంటే చరిత్రకు న్యాయం జరగదు. చెంచులను విందుకు పిలిచి చంపించాడని, ఆ పాపానికి అన్నం మెతుకులు కళ్లకు పురుగులై కనిపించాయని, అమరేశ్వరుడి పాదాల దగ్గర పడ్డాకే కుదుటపడ్డాడని ఈ ప్రాంతమంతా చెప్పుకుంటారు. గుళ్లకు ఆయన ఇచ్చినంత ఆ రోజుల్లో ఇంకో జమీందారు ఇచ్చి ఉండడు. మంగళగిరిలో పదకొండు అంతస్తుల గాలిగోపురం ఆయన లేపిందే. దిన్నె తవ్వించిన చెయ్యీ అదే. తర్వాత వచ్చిన దొరలు చేసింది తక్కువేం కాదు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి మద్రాసుకు పంపిన శిల్పాలు ఏళ్ల తరబడి ఎండకూ వానకూ పడి ఉండి, 1859లో లండన్ ఓడెక్కాయి. అక్కడా ఓ భవనం బండ్ల కొట్టంలో మూలపడి ఉంటే జేమ్స్ ఫెర్గూసన్ గుర్తించాడు. 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి. అదే ఏడు మద్రాసు గవర్నరు ఆజ్ఞతో దిన్నెను మొత్తం తవ్విపోశారు. మరుసటేడు జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి మిగిలింది పెద్ద గుంట. అందుకే అమరావతిని పూర్తిగా చూడాలంటే ఇక్కడి మ్యూజియంతో సరిపోదు. చెన్నై ఎగ్మోరు మ్యూజియానికీ, వీలైతే లండన్‌కూ వెళ్లాలి.

ఎగ్మోరులో ఒక గుండ్రటి పలక దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. దేవదత్తుడు బుద్ధుడి మీదికి ఉసిగొల్పిన నాలాగిరి ఏనుగు కథ అది. ఎడమవైపు ఏనుగు వాకిలి దాటి వీధిలోకి విరుచుకుపడుతుంది. జనం ఒకరి మీద ఒకరు పడి పరుగెడతారు. ఒకామె హడలిపోయి పక్కనున్నవాణ్ణి గట్టిగా పట్టేసుకుంటుంది. మేడ కిటికీల్లోంచి కొందరు తొంగిచూస్తారు. కుడివైపున అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. ఒకే చట్రంలో ముందూ వెనకా రెండు ఘడియలు. కథ జరిగింది రాజగృహంలో. శిల్పి చెక్కింది మాత్రం తనకు తెలిసిన వీధిని, తన కళ్లతో చూసిన ఉత్సవపు గుంపును. శివరాత్రి రథం వెనక తోసుకుంటూ నడిచే జనంలో నాకు ఆ ముఖాలన్నీ కనబడ్డాయి.

టిబెటన్లకు ఈ ఊరు మనకన్నా బాగా గుర్తుంది. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని బోధించింది ధాన్యకటకంలోనేనని వాళ్ల సంప్రదాయం. లాసా దగ్గర 1416లో కట్టిన ద్రెపుంగ్ మఠం పేరు మన ధాన్యకటకానికి టిబెటన్ రూపమే. 2006 జనవరిలో దలైలామా ఇక్కడ కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు లక్షకు పైగా జనం వచ్చారు. పొలాల్లో డేరాలు లేచాయి. చలికోట్లు వేసుకున్న టిబెటన్ ముసలమ్మలు జపచక్రాలు తిప్పుకుంటూ మిరపచేల గట్ల వెంట నడిచారు. వాళ్లు స్తూపానికి సాష్టాంగ ప్రదక్షిణలు చేస్తుంటే, ఇదేముందిలే మట్టిదిబ్బ అని చిన్నప్పటి నుంచి అనుకున్నవాళ్లు కూడా ఆగి చూశారు. ఇప్పుడు ఊళ్లోకి రాగానే కనిపించే 125 అడుగుల ధ్యానబుద్ధుడు ఆ తర్వాతి ఏళ్లలో పూర్తయినవాడు.

ఇక మన కాలానికి వస్తే, సత్యం శంకరమంచి ఈ ఊరి మీదే వంద కథలు రాశాడు. 1979లో వాటికి రాష్ట్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. 2015లో తుళ్లూరు వైపు ఊళ్లలో పునాది వేసుకున్న రాజధాని కూడా ఈ ఊరి పేరే పెట్టుకుంది. 2022 జిల్లాల విభజనలో పాత అమరావతి పల్నాడు జిల్లాకు వెళ్లింది.

గురుడు కన్యారాశిలో ప్రవేశించగానే కృష్ణకు పుష్కరాలు. కిందటివి 2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా జరిగాయి. ఆ పన్నెండు రోజులూ ఘాట్లు జనంతో కిటకిటలాడాయి. స్నానం, పిండప్రదానం, దర్శనం ముగించుకుని వచ్చిన బస్సే ఎక్కి వెళ్లిపోయినవాళ్లలో దిన్నె దాకా నడిచినవాళ్లు ఎంత కొద్దిమందో తలుచుకుంటే బాధేస్తుంది. మళ్లీ పుష్కరాలు 2028లో. అప్పటికైనా గుడి గాలిగోపురం నుంచి మహాచైత్యం దాకా నీడ ఉన్న నడకదారి వేయాలి. దారి పొడుగునా ఆ దానశాసనాలను తేట తెలుగులో రాయించి నిలబెట్టాలి. విధికుడి పేరూ, ఆయన ఇంటివాళ్ల మాటా, కేతరాజు దీపాల మాటా, రాయల తులాభారం మాటా ఒకే వరసలో ఉండాలి. దానికి పెద్ద డబ్బేం కాదు. పుష్కరాల పనులకు అంచనాలు వేసేటప్పుడే ఇదీ రాసుకుంటే సరిపోతుంది.