వకీలు నుంచి నగర ప్రథమ మేయర్‌ వరకు.. మాడపాటి ప్రస్థానంలో జోగిపేట

సంగారెడ్డి: పటాన్‌చెరు, రామచంద్రపురం పురపాలికలు 2007 ఏప్రిల్‌ 16న గ్రేటర్‌ హైదరాబాద్‌లో విలీనమయ్యాయి. అంతకు అర్ధ శతాబ్దం ముందే, 1951లో, హైదరాబాద్‌ నగరపాలక సంస్థకు తొలి మేయర్‌గా ఎన్నికైన వారు ‘ఆంధ్ర పితామహ’ మాడపాటి హనుమంతరావు. ఆయన న్యాయవాది. నగర ప్రముఖునిగా ఆయనను ఎరిగినవారు అనేకులు. కానీ ఆయన ఉద్యమ జీవితంలోని ముఖ్య ఘట్టమొకటి మన జిల్లాలోని జోగిపేటలో జరిగిన సంగతి అంతగా ప్రచారంలో లేదు.

మాడపాటి 1885 జనవరి 22న కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, నిజాం రాజ్యంలోని సూర్యాపేటలో మేనమామల ఇంట పెరిగారు. ఉర్దూ, పారశీక భాషలను క్షుణ్ణంగా అభ్యసించారు. హనుమకొండలో చిన్న ఉద్యోగం చేస్తూనే రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం కార్యకలాపాల్లో పాల్గొన్నారు. తర్వాత హైదరాబాద్‌ చేరి, ప్రభుత్వ శాఖలో అనువాదకునిగా పనిచేసి, వకాలతు పరీక్షలో ఉత్తీర్ణులై న్యాయవాద వృత్తి చేపట్టారు. నాటి న్యాయస్థానాల భాష ఉర్దూ. అర్జీ మొదలు తీర్పు వరకు కక్షిదారునికి తన వ్యాజ్యం తన భాషలో వినబడేది కాదు.

1921 నవంబరులో హైదరాబాద్‌ వివేకవర్ధినిలో మహర్షి కార్వే అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరిగింది. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించబోగా కొందరు ప్రతినిధులు అల్లరి చేసి అవహేళన చేశారు. ఆ అవమానాన్ని భరించలేక ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట సమావేశమైన తెలుగువారు ఆంధ్ర జన సంఘాన్ని స్థాపించారు. దాని కార్యభారాన్ని మాడపాటి వహించారు.

సంఘం చేసిన పనిలో న్యాయవాది ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది. పర్యటనకు వచ్చిన అధికారులకు గ్రామీణులు కూలి లేకుండా బరువులు మోయాలి, చాకిరీ చేయాలి. వర్తకులు వారడిగిన ధరకే సరుకులు ఇవ్వాలి. వీటిని నియంత్రించే సర్కారు ఉత్తర్వులు లేకపోలేదు. అవి ఉర్దూలో ఉండటంచేత పల్లెకు తెలియవు. సంఘం వెట్టిచాకిరి, వర్తక స్వాతంత్ర్యం, మోతర్ఫా పన్నులపై తెలుగులో చిరు పుస్తకాలు ప్రచురించింది. ఏది చట్టమో తెలిసిన రైతును బెదిరించడం అంత సులువు కాదు కదా!

సంఘం క్రమంగా ఆంధ్ర మహాసభగా రూపొందింది. సభలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన గస్తీ నిషాన్‌ 53 అమలులో ఉన్న రోజులవి. అట్టి పరిస్థితుల్లో 1930 మార్చిలో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమ ఆంధ్ర మహాసభ జరిగింది. దానితోపాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరగడం విశేషం. మాడపాటి 1935లో సిరిసిల్లలో జరిగిన నాలుగో మహాసభకు అధ్యక్షత వహించారు. ఆయన అర్జీల మార్గం మరీ మెత్తనిదని తర్వాతి తరం యువకులు విమర్శించారు. ఆ విమర్శలో కొంత నిజముంది. అయితే వారు నిలిచి మాట్లాడిన వేదికను నిర్మించినది ఆ మెత్తనివారే.

బాలికలకు తెలుగులో విద్య నేర్పేందుకు 1928లో నారాయణగూడలో ఆయన పాఠశాల స్థాపించారు. తెలుగు మాధ్యమానికి ఇక్కడ గుర్తింపు లభించకపోవడంతో పుణెలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయానికి దానిని అనుబంధం చేశారు. తెలుగు ప్రసంగం అవహేళనకు గురైన సభకు అధ్యక్షత వహించినది ఆ కార్వేయే కావడం గమనార్హం.

సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన మూడేళ్లకు, అరవై ఆరేళ్ల వయసులో మాడపాటి మేయర్‌ పీఠం అధిష్ఠించారు. సికింద్రాబాద్‌కు అప్పట్లో వేరే కార్పొరేషన్‌ ఉండేది. 1954 వరకు ఆయన ఆ పదవిలో కొనసాగారు. 1955లో పద్మభూషణ్‌ లభించింది. 1958 నుంచి 1964 వరకు ఆంధ్రప్రదేశ్‌ శాసనమండలి తొలి అధ్యక్షులుగా వ్యవహరించారు. 1970 నవంబరు 11న కన్నుమూశారు. జోగిపేట సభ పూర్వాపరాలు తెలుసుకోగోరేవారికి రెండు భాగాలుగా ఆయన రచించిన ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ గ్రంథం ప్రధాన ఆధారం.