గాలిలో ఎవరి ఆయుష్షు ఎంత?

నాటు వేసిన నెలకు నిజామాబాద్ జిల్లా రుద్రూర్‌లో ఏ వరి మడిలో కాలు పెట్టినా బురదలోంచి బుడగలు పైకి తేలతాయి. వాటిలో ఉండేది మీథేన్. మడిలో నీళ్లు ఆవిరవుతుంటాయి. యూరియా చల్లిన పక్క చెరుకు తోటలోంచి నైట్రస్ ఆక్సైడ్ కంటపడకుండా లేస్తుంది. మూడూ కలిసేది ఒకే గాలిలో. ఆయుష్షులు మాత్రం వేరు. ఆ తేడా తేల్చడానికి శాస్త్రవేత్తలకు మూడు వందల ఏళ్లు పట్టింది.

మొదటి లెక్క ఆవిరిది. 1687లో ఎడ్మండ్ హేలీ ఉప్పునీళ్ల గిన్నెను వేడిచేసి, ఎంత తూకం తగ్గిందో చూసి, మధ్యధరా సముద్రం రోజుకెంత ఆవిరవుతుందో అంచనా కట్టాడు. బెల్లం కడాయి ముందు కూర్చున్నవాళ్లకు ఇదేం వింత కాదు. ఇప్పటి లెక్క ఇంకా సులువు. భూమ్మీది గాలిలోని ఆవిరంతా ఒక్కసారి కురిస్తే సగటున 25 మిల్లీమీటర్లు. ఏడాది సగటు వాన దాదాపు 1000. అంటే గాలి ఏటా నలభైసార్లు ఖాళీ అయి నిండుతోంది. ఆవిరి మకాం తొమ్మిది రోజులే. 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయం నీళ్లు ఎన్ని ఆవిరైనా పైన పేరుకోనిది అందుకే.

అదే జిల్లా శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ కొత్తగా నడుస్తున్న రోజుల్లోనే, 1938లో, గై కాలెండర్ అనే ఆవిరి ఇంజినీరు బొగ్గు పొగలోని కార్బన్ డయాక్సైడ్ గాలిలో పేరుకుంటోందని, భూమి వేడెక్కుతోందని ఇంగ్లండ్‌లో చెప్పాడు. సముద్రం మింగేస్తుందిలే అని చాలామంది కొట్టిపారేశారు. 1957లో రెవెల్, స్యూస్ అనే శాస్త్రవేత్తల లెక్క కూడా పైకి అలాగే కనిపిస్తుంది: ఒక్కో అణువు దాదాపు పదేళ్లలో సముద్రంలో కలుస్తుంది. చిక్కంతా ఇక్కడే. సముద్రం ఈ చేత్తో ఒక అణువు తీసుకుని ఆ చేత్తో ఇంకొకటి ఇచ్చేస్తుంది. అణువులు మారతాయి, బాకీ తీరదు. ఈ రోజు వదిలిన దాంట్లో దాదాపు 40 శాతం వందేళ్ల తర్వాతా గాలిలోనే ఉంటుంది. పదేళ్లన్న మాట ఒక్కటే పట్టుకుని భయం లేదనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు చూస్తున్నది అణువును, బాకీని కాదు.

తర్వాత మన హైదరాబాద్‌కూ ఈ ఆయుష్షుల లెక్కలో వంతు దక్కింది. 1987లో అక్కడి నుంచి ఎగిరిన బెలూన్ పైగాలిని సీసాల్లో పట్టి తెచ్చింది. ఫ్రిజ్‌లలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్‌లు ఎంత ఎత్తున ఎంతెంత ఉన్నాయో చూడటానికి. వాటిలో కొన్నిటి ఆయుష్షు వందేళ్లు.

మీథేన్ సగటున పన్నెండేళ్లలోపే పోతుంది. దాన్ని విరిచే హైడ్రాక్సిల్ పుట్టడానికి నీటి ఆవిరే కావాలి. మన దేశపు వరి మళ్లు ఏటా 3.7 కోట్ల టన్నులు వదులుతున్నాయని అమెరికా అంచనా వేస్తే, 1991లో భారత శాస్త్రవేత్త ఎ.పి. మిత్రా బృందం మళ్లలోనే కొలిచి సుమారు 40 లక్షల టన్నులని తేల్చింది. ఆరుతడి పెడితే ఇంకా తగ్గుతుంది. యూరియా నుంచి వచ్చే నైట్రస్ ఆక్సైడ్ మాత్రం సగటున నూటపదేళ్ల దాకా కదలదు.

శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అది వదిలిన ఆవిరి ఎప్పుడో వానైపోయింది. పిప్పి పొగలోని కార్బన్ చెరుకు గాలిలోంచి తీసుకున్నదే, దాని లెక్క అక్కడికి సరి. 1938లో నిజామాబాద్ మీదుగా నడిచిన బొగ్గు రైళ్ల పొగలో మూడో వంతుకు పైగా ఇంకా మన నెత్తిమీదే ఉంది.